సున్నా నంబరు జోడు

బాలానగర్‌లో ఇనుము కోసే షెడ్ల వెనక
బోర్డు లేని గది మాది.
తయారీ ఇక్కడ, అమ్మకం జూబ్లీహిల్స్‌లో.
అక్కడ ఒక్కో అరలో ఒక్కటే జోడు పెట్టి
దాని చుట్టూ ఉన్న ఖాళీని కూడా అమ్ముతారు.

ఈసారి రంగు పేరు ఇరానీ.
డిజైనర్ నైమిషమ్మ చాయ్ సాసర్లో పోయించి
ఫోన్ లైటు వేసి ఫొటో తీసింది.
ఇదే కావాలంది.
ఇటలీ నుంచి షీట్లు మూడుసార్లు వచ్చాయి,
మూడుసార్లూ వాపసు పోయాయి.
"పాలెక్కువయ్యాయి" అంటుంది.

నూట యాభై జోళ్ళు, అంతే.
నూట యాభై ఒకటోది ఎవరడిగినా
లేదనే చెప్పాలి.
నాకు తెలిసి
ఆ లేదన్న మాటకే సగం ధర.

కోసిన ఫ్రేములు చెక్కముక్కల పీపాలో
మూడు పగళ్ళు, మూడు రాత్రులు దొర్లుతాయి.
రేకుల మీద వాన పడ్డట్టు చప్పుడు.
మే నెలంతా మాకు లోపల వానే.
తర్వాత జహంగీరన్న బట్టచక్రం ముందు కూచుంటాడు.
వేలు పెడితే జారిపోయే నునుపు ఆయన చేతిది.
ఇరవై ఆరేళ్ళ పాలిష్‌కి
వేలిముద్రలే అరిగిపోయాయి.
రేషన్ షాపులో మిషను నువ్వు కాదంటుంది,
మళ్ళీ పెడితే మళ్ళీ కాదంటుంది.
"నాకు సుత ఫినిషింగ్ అయిపోయింది బిడ్డా"
అని నవ్వుతాడు.

నా పని నంబరు.
కుడి కాడ లోపల, చెవి వెనక దాగే చోట
సూది మిషనుతో చెక్కుతాను.
తొమ్మిదిని ఒక కాంట్రాక్టరు ముందే పట్టుకున్నాడు.
ఎనిమిదిని శనికి భయపడి ఎవరూ ముట్టలేదు.
నూటపదహారు కోసం ఇద్దరు కొట్లాడుకున్నారట,
చదివింపులనుకున్నారేమో.

వీటన్నిటికీ ముందు
కొలత చూడడానికి చేసినదొకటుంది.
దాని నంబరు సున్నా.
ఆఖరి పెట్టె వెళ్ళిన రోజు
కెమెరా ముందు దాన్ని సుత్తితో కొట్టి
వీడియో పంపాలి.

ఎనభై దాకా జహంగీరన్న పొర కమ్మిన కళ్ళతోనే తుడిచాడు.
ఎవరికీ చెప్పలేదు. వేళ్ళతో చూసుకున్నాడు.
ఒకనాడు చాయ్ గ్లాసు బల్ల అంచున పెట్టబోయి
గాలిలో పెట్టాడు.
మెహదీపట్నం సర్కారు దవాఖానలో ఆపరేషన్.
నెల రోజులు ఇంట్లోనే అన్నాడు డాక్టరు.
పన్నెండో రోజు వచ్చేశాడు,
వాళ్ళిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని.
పక్కలకు రేకులు, పల్చటి కాడలు,
అందరి మొహాలకూ ఒకటే కొలత.
"వార్డుల నలభై మందిమి ఇవే పెట్టుకోని కూసున్నం.
ఎవడు పెద్దోడో, ఎవడు చిన్నోడో తెల్వలే."

నైమిషమ్మ అవి తీయించి చేతిలో తిప్పి చూసింది.
ఈ షేపు బాగుందే అంది. ఫొటో తీసుకుంది.
"ఎన్ని చేశారు ఇవి?"
"లెక్క లేదమ్మా. కన్ను మసకైన ప్రతోనికి ఒకటి."
ఆమె నవ్వలేదు.
ఏదో రాసుకుంది.

ఆఖరి పెట్టె నిన్న వెళ్ళింది.
సుత్తి తీశాను, కెమెరా నిలబెట్టాను.
"ఆగు" అన్నాడు.
"అది పొర ఉన్నప్పుడు తుడిసిన. ఎట్లొచ్చిందో సూడలే."

దవాఖాన అద్దాలు నుదుటి మీదికి తోసి
సున్నాను ట్యూబులైటు కింద పట్టాడు.
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
ముక్కు ఆనే చోట ఆగిపోయాడు.
వెంట్రుకంత గీత.
"అప్పుడు కనవడలే" అన్నాడు,
ఎవరో చూస్తుండగా తప్పు దొరికినవాడిలా.

చక్రం ఆన్ చేశాడు.
పావుగంట.
నేను సుత్తి పట్టుకుని నిలబడే ఉన్నాను.
పక్క షెడ్లో ఎవరో భోజనాల గంట కొట్టారు.

గీత పోయింది.
చొక్కా అంచుతో ఒక్కసారి తుడిచి
బల్ల మీద, నా ముందు,
కాడలు మడిచి పెట్టాడు.

"ఇగ కొట్టు."